‘ముందు మేం విచారించుకుంటాం’: బడి దారి తప్పేది ఇక్కడే

ఏడో తరగతి అమ్మాయి క్లాస్ టీచర్ దగ్గరికి వచ్చి, స్కూలు బస్సు వెనక సీట్లో తొమ్మిదో తరగతి అబ్బాయి రోజూ ఏం చేస్తున్నాడో తడబడుతూ చెప్పిందనుకుందాం. టీచర్ హెచ్‌ఎంకి చెబుతుంది. హెచ్‌ఎం కరస్పాండెంట్‌కి ఫోన్ చేస్తారు. సాయంత్రానికి నలుగురు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని అబ్బాయిని పిలిపిస్తారు, అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి ‘మళ్ళీ చెప్పమ్మా’ అంటారు. అబ్బాయి ఏడుస్తాడు, క్షమాపణ పత్రం రాస్తాడు, ఇరువైపులా తల్లిదండ్రుల సంతకాలు పడతాయి. పాము చావలేదు, కర్ర విరగలేదు అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పోలీసులకు చెప్పాలన్న ఊసే రాదు. చట్టం లెక్కలో మాత్రం ఆ సాయంత్రం ఇంకో నేరం జరిగింది. చేసింది పెద్దవాళ్ళు.

లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్ళు నిండనివాళ్ళందరూ అందులో పిల్లలే, ఆడపిల్లలైనా మగపిల్లలైనా. నేరం చేసినవాళ్ళు పెద్దవాళ్ళే అయి ఉండాలని ఎక్కడా రాయలేదు. చేసిందీ పిల్లలే అయితే వాళ్ళ సంగతి జువైనల్ జస్టిస్ చట్టం చూసుకుంటుందని సెక్షన్ 34 చెబుతుంది, అంతే. అంటే మారేది విచారణ జరిగే చోటు, ఆ తర్వాతి తీరు. బడి బాధ్యత వీసమెత్తు కూడా తగ్గదు.

ఇంటర్ కాలేజీల యాజమాన్యాలు దీన్ని రెండుసార్లు చదువుకోవాలి. లైంగిక వేధింపుల మీద యూజీసీ 2015లో తెచ్చిన నియమాలు డిగ్రీ, ఆపై చదువుల సంస్థలకు. జూనియర్ కాలేజీ ఆ గొడుగు కిందికి రాదు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది 18 లోపువాళ్ళే, కాబట్టి వర్తించేది పోక్సోనే. మన రెండు రాష్ట్రాల్లో లక్షలాది పిల్లలు హాస్టళ్ళలో ఉండి చదువుతున్నారు: రెసిడెన్షియల్ కాలేజీలు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు. రాత్రి స్టడీ అవర్ తర్వాత డార్మిటరీలో సీనియర్ అబ్బాయి జూనియర్ అబ్బాయిని ఇబ్బంది పెడితే దాన్ని ‘ఆకతాయితనం’ అని రాసుకునే వార్డెన్లు ఇంకా ఉన్నారు. అదీ పోక్సోనే.

తాకితేనే కేసు అని చాలామంది అనుకుంటారు. వేధింపును నిర్వచించే సెక్షన్ 11లో తాకడం ప్రసక్తే లేదు. లైంగిక ఉద్దేశంతో అన్న మాట, చేసిన సైగ, చూపించిన వస్తువు, చూపించిన శరీర భాగం. బట్టలు తీసి చూపించమని చేయించడం. ఫోన్‌లో బూతు వీడియో చూపించడం. నేరుగా గానీ ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ పదేపదే వెంటపడటం. ‘నీ ఫొటో అందరికీ పంపిస్తా’ అని బెదిరించడం. ఆ ఫొటో నిజమైనదైనా కల్పించినదైనా ఒకటేనని 2012లోనే రాశారు, కాబట్టి ఏఐతో చేసిన నగ్న చిత్రంతో బెదిరించినా ఇప్పుడున్న చట్టమే సరిపోతుంది. దీనికి శిక్ష 3 ఏళ్ళ దాకా. లైంగిక ఉద్దేశంతో తాకితే సెక్షన్ 7 కింద 3 నుంచి 5 ఏళ్ళు. బాధితులు 12 ఏళ్ళ లోపువాళ్ళయినా, గుంపుగా కలిసి చేసినా 5 నుంచి 7. బట్టల మీదుగా తాకితే లెక్కకు రాదన్న బొంబాయి హైకోర్టు తీర్పును 2021 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నేరం చేసింది పిల్లలే అయితే ఈ అంకెలు ఇలాగే జైలు శిక్షలుగా మారవు, ఆ సంగతి తర్వాత చూద్దాం. కానీ నేరం ఏ తరగతిలో పడుతుందో తేల్చేది ఇవే.

లవ్ లెటర్ ఇస్తే పోక్సోనా అని టీచర్లు అడుగుతుంటారు. లైంగిక ఉద్దేశం ఉందా లేదా అన్నది సంఘటనను బట్టి తేలాల్సిన విషయమని సెక్షన్ 11 వివరణలోనే ఉంది. ఒక ఉత్తరం ఇచ్చి, వద్దంటే ఆగిపోయిన అబ్బాయి వేరు. వద్దన్నా ట్యూషన్ దాకా, ఇంటి దాకా, కొత్త నంబర్ల నుంచి వెంటపడే అబ్బాయి వేరు. ఇద్దరూ ఇష్టపడిన 16, 17 ఏళ్ళ పిల్లల సంగతి నిజంగానే ఇరకాటం. చట్టం 18 లోపు సమ్మతిని గుర్తించదు. వయసు తగ్గించొద్దు గానీ 16-18 మధ్య కేసుల్లో కోర్టులకు విచక్షణ ఇవ్వాలని లా కమిషన్ 2023 సెప్టెంబరులో సూచించింది. ఆ చిక్కును అడ్డం పెట్టుకుని, అమ్మాయి ఏడుస్తూ చెప్పిన వేధింపును ‘వాళ్ళిద్దరూ ముందు నుంచీ ఫ్రెండ్సే కదా’ అని తేల్చేయడం మాత్రం వంచనే.

ఇక అసలు బాధ్యత. సెక్షన్ 19(1) ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, జరగబోతుందన్న భయం కలిగిన ఎవరైనా స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పాలి. ‘ఎవరైనా’ అంటే హెచ్‌ఎం ఒక్కరే కాదు. క్లాస్ టీచరు, పీఈటీ, బస్సు ఆయా, కౌన్సెలర్ అందరూ. ‘నేను పైవాళ్ళకి చెప్పాను’ అంటే టీచర్ బాధ్యత తీరదు. చెప్పకపోతే సెక్షన్ 21(1) కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యులకు ఏడాది దాకా జైలు అన్న 21(2)ను శిక్షణ తరగతుల్లో తరచూ చూపిస్తారు గానీ, అందులోని మాట ‘తన కింద పనిచేసే వ్యక్తి’ చేసిన నేరం గురించి. టీచర్ చేస్తే అది సూటిగా తగులుతుంది. విద్యార్థి చేస్తే అది వర్తిస్తుందా అన్నది వాదించుకోవాల్సిన మాట. ఏది వర్తించినా 21(1) నుంచి ప్రిన్సిపాల్‌కు తప్పించుకునే దారి లేదు. ఈ శిక్ష నుంచి పిల్లలకు మినహాయింపు ఉంది. చూసి కూడా చెప్పని స్నేహితురాలిని ‘నీ మీదా కేసు పెడతారు’ అని బెదిరించకూడదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ చర్యా ఉండదని 19(7) హామీ ఇస్తుంది.

‘24 గంటల్లో చెప్పాలి కదా, రేపు మధ్యాహ్నం దాకా టైముంది’ అనే లెక్క ఒకటి చలామణీలో ఉంది. బడికి అలాంటి గడువు చట్టంలో లేదు. ఆ 24 గంటలు పోలీసులవి: తమకు అందిన సమాచారాన్ని అంతలోపు బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు చేర్చాలి. బడి చెప్పాల్సింది తెలిసిన వెంటనే.

‘తెలియడం’ అంటే ఎంత? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు తీర్పులు రెండు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. కేరళ డాక్టర్ల కేసులో, 2018లో, పరిస్థితులను బట్టి ఊహించి ఉండాల్సిందని ఎవరినీ శిక్షించలేమని చెప్పింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా హాస్టల్ కేసులో, 2022 నవంబరులో, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలాసార్లు అది నేరస్థులను కాపాడే ప్రయత్నమని చెప్పి, ఒక డాక్టర్ మీద హైకోర్టు కొట్టేసిన కేసును మళ్ళీ నిలబెట్టింది. అంటే ప్రతి ముఖంలోనూ అనుమానం వెతుక్కోవాల్సిన పని లేదు. పాప నోటితో చెప్పాక మాత్రం అది తెలిసినట్టే. రుజువైందా లేదా అన్నది బడి పని కాదు. ఇక్కడే ‘అంతర్గత విచారణ’ అనే అలవాటు కొంప ముంచుతుంది. మంచి ఉద్దేశంతో మొదలుపెట్టిన విచారణ మూడు రోజులు సాగితే, ఆ మూడు రోజులూ తెలిసీ చెప్పని రోజులే. నలుగురి ముందు నాలుగుసార్లు చెప్పించిన మాటలో తేడాలు వస్తాయి, రేపు డిఫెన్సు లాయరు పట్టుకునేది ఆ తేడాలనే.

మరి పాప చెప్పినప్పుడు టీచర్ ఏం చేయాలి? తలుపు పూర్తిగా మూయని ప్రశాంతమైన చోట, ఒక్కరే వినాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు, ఆ మాట నిలబెట్టుకోవడం కుదరదు. ‘వాడు ఇక్కడ పట్టుకున్నాడా?’ లాంటి జవాబు అందించే ప్రశ్నలు వద్దు. ‘తర్వాత ఏమైంది?’ చాలు. ఎవరు, ఎక్కడ, సుమారు ఎప్పుడు, ఇప్పుడు ఒంటికి ఏమైనా నొప్పి ఉందా, ఆ అబ్బాయి ఈరోజు మళ్ళీ ఎదురుపడతాడా: ఇంతవరకు తెలిస్తే ఆపేయాలి. వెంటనే కాగితం మీద పాప వాడిన మాటలే రాయాలి. పాప ‘సుసు పోసుకునే చోట’ అంటే అదే రాయాలి, దాన్ని ‘జననాంగం’ అని మార్చకూడదు. తేదీ, సమయం, రాసినవారి సంతకం. పాప చేత ఏమీ రాయించక్కర్లేదు, సంతకమూ వద్దు. పాప వాంగ్మూలం తీసుకోవడం పోలీసుల పని. సెక్షన్ 24 ప్రకారం అది ఇంట్లోనో పాప కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. పోలీసులు బడికి వస్తామంటే యూనిఫాంతో రావొద్దని ప్రిన్సిపాల్ అడగొచ్చు. ఒంటి మీద గాయం గానీ అంతకు మించిన అనుమానం గానీ ఉంటే ముందు ఆసుపత్రి. 2020 పోక్సో నియమాల ప్రకారం అత్యవసర వైద్యానికి ఎఫ్‌ఐఆర్ కాగితం అడగకూడదు.

పోలీసులకు ఇచ్చే ఫిర్యాదు ఒక పేజీ దాటక్కర్లేదు. ఏం తెలిసింది, ఎవరి ద్వారా, ఎప్పుడు, బడి ఇప్పటిదాకా ఏం చేసింది. ‘మా పరిశీలనలో ఆరోపణ నిజమని తేలింది’ అనో, ‘అబ్బాయి మంచి మార్కులు తెచ్చుకునే విద్యార్థి’ అనో రాయొద్దు. సమాచారానికి ఎంట్రీ నంబరు వేసి, రాతలో పెట్టి, చెప్పినవారికి చదివి వినిపించాలని సెక్షన్ 19(2) చెబుతుంది. ఆ నంబరు అడిగి రాసుకోవాలి. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సైకి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి, ఆయనను అడగొచ్చు. 1098కి చేసినా, 112కి చేసినా వ్యవహారం కదులుతుంది, కానీ రాతపూర్వకంగా ఇచ్చినదానికే రేపు విలువ. బస్సు, కారిడార్ కెమెరాల సంగతి అదే రోజు చూడాలి. కెమెరా దృశ్యాలు దాచే డీవీఆర్ హార్డ్ డిస్క్ నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. ఫుటేజీ కాపీకి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి, కాబట్టి ఆ కాపీ తీసే పని టెక్నీషియన్‌తో సంతకం పెట్టించుకునేలా జరగాలి.

ఫోన్లో వీడియో ఉందంటే ఇంకా జాగ్రత్త. ‘సాక్ష్యం కోసమే’ అని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన టీచర్, పిల్లల అశ్లీల దృశ్యాలు పంచడాన్ని నేరంగా చూసే ఐటీ చట్టం 67బి కింద నిందితుడు కాగలడు. అలాంటి దృశ్యాలను దగ్గర ఉంచుకోవడం మీద సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న కఠినంగానే చెప్పింది. ఫోన్‌ను తెరిచి చూడకుండా, ఎవరికీ పంపకుండా, కవరులో పెట్టి ఎవరి దగ్గర తీసుకున్నామో రాసి పోలీసులకు ఇవ్వాలి. అంతకు మించి ఒక్క పని కూడా వద్దు.

ఇప్పుడు ఆ అబ్బాయి. అతనూ బడి పిల్లవాడే, అతని విషయంలోనూ బడికి బాధ్యత ఉంది. 7 ఏళ్ళ లోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. 7 నుంచి 12 మధ్య, చేసిన పని ఏమిటో తెలిసే పరిణతి లేకపోతే నేరం కాదు. ఆపై వయసువాళ్ళు జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తారు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో బోర్డు ముందు ఉంచాలి, లాకప్పులో పెట్టకూడదు. సెక్షన్ 11 వేధింపు జువైనల్ చట్టం లెక్కలో ‘చిన్న నేరం’, సెక్షన్ 7 ‘తీవ్ర నేరం’, అత్యాచారం ‘ఘోర నేరం’. 2016 నమూనా నియమాల ప్రకారం ఘోర నేరమో, పెద్దవాళ్ళతో కలిసి చేసిందో అయితేనే ఎఫ్‌ఐఆర్; మిగతావాటికి స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో నమోదు, దాంతోపాటు పిల్లవాడి కుటుంబ నేపథ్యం మీద నివేదిక. ‘ఎఫ్‌ఐఆర్ వేయలేదు, అబ్బాయి వాళ్ళు డబ్బు తినిపించారు’ అని బాధితురాలి తల్లిదండ్రులు కుమిలిపోయేది చాలాసార్లు ఈ నియమం తెలియకే. చిన్న నేరాల్లో ఇంకో చిక్కు ఉంది. బోర్డు విచారణ 4 నెలల్లో, పొడిగిస్తే మరో 2 నెలల్లో ముగియకపోతే అక్కడితో రద్దయిపోతుంది. బడి హాజరు పట్టీలు, బస్సు జాబితా, టీచర్ రాసుకున్న కాగితం ఇవ్వడానికి నాలుగు వారాలు తిప్పితే నష్టపోయేది ఆ అమ్మాయే.

బోర్డు చేయగలిగింది మందలింపు నుంచి కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రత్యేక గృహంలో గరిష్ఠంగా 3 ఏళ్ళ దాకా ఉంటుంది. 16 దాటి ఘోర నేరం చేస్తేనే పెద్దవాళ్ళ లాగా విచారించే ప్రశ్న వస్తుంది. ఇద్దరు పిల్లల పేర్లూ, బడి పేరూ బయటికి రాకూడదు. జువైనల్ చట్టం సెక్షన్ 74 పత్రికలతో ఆగదు, ఇతర సమాచార మార్గాలన్నీ అందులోకి వస్తాయి. బడి అసెంబ్లీలో పేరు చెప్పి బుద్ధి చెప్పడం, పేరెంట్స్ గ్రూపులో ‘అందరూ జాగ్రత్త’ అని సందేశం పెట్టడం రెండూ ప్రమాదమే.

టీసీ ఇచ్చి పంపించేయడం మన బడుల్లో మొదట గుర్తొచ్చే పరిష్కారం. విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ బహిష్కరించకూడదు, తప్పు చేసిన అబ్బాయిని కూడా. చాలాచోట్ల జరిగేది దానికీ అవతల ఘోరం: ‘మీ అమ్మాయికి వాతావరణం మార్పు మంచిది’ అని అమ్మాయి చేతే టీసీకి దరఖాస్తు పెట్టిస్తారు. తరగతి సెక్షన్, బస్సు రూటు, డార్మిటరీ, ల్యాబ్ బ్యాచ్, పరీక్ష హాల్లో సీటు మార్చాల్సి వస్తే మార్చాల్సింది ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ విద్యార్థివి. అది శిక్షగా కాక, విచారణ తేలేదాకా తాత్కాలిక ఏర్పాటుగా, రాతలో ఇవ్వాలి. అమ్మాయికి హాజరులో, యూనిట్ టెస్టుల్లో వెసులుబాటు ఇవ్వాలి.

సీటు మార్చడం చిన్న విషయంగా కనిపిస్తుంది. అమెరికాలో ఈ బాధ్యత మీద ఆధార తీర్పు, 1999 నాటి డేవిస్ కేసు, అంతా సీటు చుట్టూనే తిరుగుతుంది. జార్జియాలో ఐదో తరగతి పాప నెలల తరబడి చెబుతుంటే, ఆ అబ్బాయి పక్కన సీటు మార్చడానికే 3 నెలలు దాటింది. తెలిసీ పట్టించుకోకపోతే బడి డబ్బు రూపంలో పరిహారం కట్టాలని అక్కడి సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులకు ఇది పనికొచ్చే సంగతే: చదువుల్లో లింగ వివక్షను నిషేధించే అక్కడి చట్టం టైటిల్ నైన్ బాధ్యుల పేరు బడి నుంచి అడిగి, ఈమెయిల్‌లోనే ఫిర్యాదు చేయాలి. అమెరికా కేంద్ర విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి వెళ్ళాలంటే గడువు మామూలుగా 180 రోజులు.

మన దగ్గర పరిహారం దారి వేరు. 1995లో పఠాన్‌కోట్ దగ్గరి ఒక పాఠశాల పిల్లలు 14 మంది పిక్నిక్‌లో బియాస్ నదిలో మునిగి చనిపోతే, ఒక్కొక్కరికి 5 లక్షలు ఇవ్వాలన్నదాన్ని 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. తల్లిదండ్రుల లాంటి జాగ్రత్త బడి తీసుకోవాలన్న సూత్రం అక్కడ గట్టిపడింది. వేధింపుల కేసుల్లోనూ ప్రశ్న అదే: ముందే తెలిసిందా, తెలిశాక ఏం చేశారు? అందుకే మొదటి ఫిర్యాదు తర్వాత అదే బస్సులో అదే సీటు కొనసాగితే రెండో సంఘటనకు యాజమాన్యం జవాబు చెప్పుకోలేదు. పిల్లల్ని అప్పగించుకున్న సంస్థ నిర్వాహకులు కావాలని నిర్లక్ష్యం చేస్తే జువైనల్ చట్టం సెక్షన్ 75 కింద 5 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. సీనియర్లు జూనియర్లను వేధించినదైతే 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టమూ తోడవుతుంది: ఫిర్యాదు రాగానే సంస్థ అధిపతి విచారించి, ప్రాథమికంగా నిజమనిపిస్తే సస్పెండ్ చేయాలి, చేయకపోతే ఆయనే ఆ నేరానికి సహకరించినట్టు లెక్క. ఈ విచారణ పోలీసులకు చెప్పడంతో పాటు జరగాలి, దానికి బదులుగా కాదు.

‘మాకు ఐసీసీ (అంతర్గత ఫిర్యాదుల కమిటీ) ఉంది’ అని కొందరు ప్రిన్సిపాళ్ళు ధీమాగా అంటారు. పని చేసే చోట మహిళల వేధింపు మీద 2013 చట్టం కోసం పెట్టిన కమిటీ అది. పిల్లల మధ్య జరిగిన నేరాన్ని ఆ కమిటీ ముందు పెట్టి రాజీ చేస్తే పోక్సో బాధ్యత తీరదు. రాజస్థాన్‌లో ఒక టీచర్ కేసును తల్లిదండ్రులతో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. కోర్టులో చెల్లని రాజీ స్టాఫ్‌రూమ్‌లో చెల్లుతుందా?

సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్, బాలల రక్షణ విధానం, శిక్షణ ఉండాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. విద్యార్థి ఫిర్యాదు మీద చర్య తీసుకోకపోవడాన్ని నిర్లక్ష్యంగా లెక్కగట్టి యాజమాన్యాన్నే బాధ్యుల్ని చేస్తూ కేంద్ర విద్యాశాఖ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయమని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఇవి గోడకు అంటించిన కాగితాలుగా ఉన్నచోట ఫలితం ఏమీ ఉండదు. రాత్రి పది గంటలకు హాస్టల్లో పిల్లవాడు చెబితే వార్డెన్ ఎవరికి ఫోన్ చేయాలో, ఆ నంబరు ఆయన ఫోన్‌లో ఉందో లేదో అడిగి చూస్తే చాలు, ఆ బడి ఎంత సిద్ధంగా ఉందో తెలిసిపోతుంది.

బడి కదలకపోతే తల్లిదండ్రులు దాని అనుమతి కోసం ఆగనక్కర్లేదు. నేరుగా స్టేషన్‌కు వెళ్ళొచ్చు, పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగొచ్చు. తీసుకోకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. జిల్లా బాలల సంక్షేమ సమితికి విడిగా దరఖాస్తు ఇవ్వొచ్చు. బాధిత మహిళలకు, ఆడపిల్లలకు సాయం చేసే సఖి కేంద్రం, తెలంగాణలోనైతే భరోసా సెంటర్, కౌన్సెలింగ్‌కూ వైద్యానికీ తోడు వస్తాయి. బడికి ఇచ్చే ఉత్తరం కూడా నోటిమాటగా వదలకుండా, రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. ‘మాకు ఎప్పుడు తెలిసింది’ అన్న ప్రశ్నకు ఆ ముద్ర మీది తేదీయే జవాబు.